మాల్టాలో చలికాలం: అద్దె చవకే గానీ, ఇల్లు ఆరదు

ముందే రేటింగ్ చెప్పేస్తా, మధ్యధరా సముద్రంలో ఉన్న చిన్న దీవి దేశం మాల్టాకి ఐదుకి నాలుగు, మేం అద్దెకి తీసుకున్న ఫ్లాట్‌కి ఐదుకి రెండున్నర, అది కూడా బాల్కనీలోంచి సముద్రం కనపడేది కాబట్టి. మేం ఉండేది మ్యూనిక్ దగ్గర, రెండో బాబు పుట్టాక నేను, మా ఆయన పేరెంటల్ లీవ్ కలిపి పెట్టాం, తెనాలి నుంచి అత్తయ్య, మావయ్య వస్తామన్నారు, జనవరిలో జర్మనీకి తీసుకొస్తే వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని మంచు చూస్తూ ఎప్పుడు తిరిగి వెళ్దామా అని లెక్కపెట్టుకోవడం తప్ప చేసేదేం ఉండదు, అందుకని అందరం కలిసి చలికాలం ఎండ ఉన్న చోట గడుపుదాం అనుకున్నాం. సైప్రస్, గ్రీస్‌లోని క్రీట్ దీవి కూడా చూశాం. క్రీట్‌లో హానియా, హెరాక్లియన్ లాంటి ఊళ్ళు వదిలేస్తే బీచ్ ఊళ్ళన్నీ చలికాలం షట్టర్లు దించేసి ఉంటాయి, ఫ్లైట్లు కూడా తగ్గిపోతాయి. మాల్టా అలా కాదు, అక్కడ జనం ఏడాదంతా ఉంటారు, ఇంగ్లీష్ అధికార భాష, మావయ్య ఒక్కరే బయటికెళ్ళినా మాట్లాడుకుని తిరిగి రాగలరు. మాకు అదే ముఖ్యం.

ఎంతయ్యింది అనేదే కదా అందరూ అడిగేది. నలుగురు పెద్దవాళ్ళం, ఇద్దరు పిల్లలు, నెలకి దగ్గర దగ్గర 2,300 యూరోలు, ఫ్లైట్ టికెట్లు కాకుండా. ఇందులో అద్దె 1,100. బుగిబ్బా అనే తీరపు ఊళ్ళో రెండు బెడ్‌రూమ్‌లు, మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది, సముద్రానికి నడిచి మూడు నిమిషాలు. వేసవిలో ఇదే ఫ్లాట్ వారానికి ఎంత చెప్తారో సైట్‌లో చూస్తే ఈ నెల అద్దె చాలా చవక అనిపిస్తుంది. అక్కడే పడిపోతాం మనం. స్లీమా, సెయింట్ జూలియన్స్ వైపు అయితే చలికాలంలో కూడా పెద్దగా తగ్గించరు, ఆఫీసులన్నీ అటువైపే, గేమింగ్ కంపెనీల వాళ్ళు ఏడాదంతా ఉంటారు కాబట్టి ఇళ్ళకి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. బుగిబ్బా, మెల్లీహా, మార్సస్కాలా లాంటివి టూరిస్టుల మీద నడిచే ఊళ్ళు, నవంబర్ నుంచి మార్చి దాకా ఖాళీగా ఉంచడం కంటే ఎంతో కొంతకి ఇద్దాం అనుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. మాల్టా ఇళ్ళకి హీటింగ్ ఉండదు. జర్మనీలో గోడకి రేడియేటర్, మూడు పొరల కిటికీ అలవాటైన వాళ్ళకి ఇది ఊహకి కూడా అందదు. పాత ఇళ్ళు అక్కడి పసుపు సున్నపురాయితో, కొత్తవి సిమెంట్ దిమ్మెలతో కడతారు, ఇన్సులేషన్ ఉండదు, అల్యూమినియం ఫ్రేముల్లో ఒకే గాజు, నేల టైల్స్, పైన చదునైన కప్పు. అంతా వేసవి వేడి తట్టుకోవడానికి కట్టినవే. బయట పగలు 15, 16 డిగ్రీలు, ఎండ కాస్తే స్వెట్టర్ కూడా అక్కర్లేదు, అత్తయ్య హాయిగా చీర మీద శాలువా కప్పుకుని ప్రొమెనేడ్ మీద నడిచేవారు. లోపలికి వస్తే 14. బయటకన్నా ఇంట్లోనే చలి! పైగా సముద్రపు తేమ, అది ఎముకల్లోకి దిగుతుంది. దుప్పటి కప్పుకుంటే తడిగుడ్డ కప్పుకున్నట్టు ఉండేది, పిల్లాడి బట్టలు మూడు రోజులు తీగ మీద ఉన్నా ఆరేవి కావు, జనవరి మొదట్లో బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి బూజు. ఓనర్‌ని అడిగితే కిటికీలు తెరిచి పెట్టండి అంది. చలికి ముడుచుకుని కూర్చున్న వాళ్ళకి ఇచ్చే సలహానా అది?

సరే హీటర్ పెడదాం అంటే రెండు దారులున్నాయి. ఒకటి గ్యాస్ హీటర్, 12 కేజీల సిలిండర్ దాదాపు 15 యూరోలు, గ్యాస్ బండి హారన్ కొట్టుకుంటూ వీధిలోకే వస్తుంది. వెంటనే వేడెక్కుతుంది గానీ గ్యాస్ మండితే నీటి ఆవిరి కూడా వస్తుంది, గది వెచ్చబడేకొద్దీ తేమ ఇంకా పెరిగి గోడలు చెమటలు పట్టేవి, చిన్నపిల్లలున్న గదిలో గాలి ఆడకుండా వాడటం కూడా మంచిది కాదు. రెండోది ఏసీని హీట్ మోడ్‌లో పెట్టుకోవడం, ఇన్వర్టర్ ఏసీ అయితే కరెంటు కూడా తక్కువే తింటుంది. మా ఫ్లాట్‌లో హాల్లో ఒకటి కొత్తది, బెడ్‌రూముల్లో రెండూ పాతవి. నిజంగా పనిచేసింది మాత్రం డీహ్యుమిడిఫైయర్, అంటే గాలిలో తేమ లాగేసే మెషీన్. రాత్రి ఆన్ చేసి పడుకుంటే తెల్లారేసరికి ట్యాంకు నిండా నీళ్ళు, ఇన్ని నీళ్ళు గదిలో ఎక్కడున్నాయిరా బాబూ అనిపించేది. తేమ పోతే గదిలో 16 డిగ్రీలే ఉన్నా ఓర్చుకోవచ్చు. దాని వెనకనుంచి గోరువెచ్చటి గాలి వస్తుంది కదా, అత్తయ్య దోశపిండి గిన్నెకి తువ్వాలు చుట్టి సరిగ్గా అక్కడ పెట్టేవారు, అంతకుముందు రెండు రోజులైనా పులవని పిండి తెల్లారేసరికి మూత ఎత్తేసేది. ఇల్లు తీసుకునేటప్పుడు టీవీ ఎన్ని అంగుళాలు అని కాదు, డీహ్యుమిడిఫైయర్ ఉందా అని అడగండి. మాకు ఇవ్వలేదు, కొనుక్కున్నాం.

ఇవన్నీ కరెంటు మీదే నడవాలి కదా, మా గొడవంతా అక్కడే. మాల్టాలో కరెంటు రేటు ప్రభుత్వం చాలా ఏళ్ళుగా పెంచకుండా పట్టి ఉంచింది, 2022లో యూరప్ అంతా బిల్లులు భగ్గుమన్నప్పుడు కూడా అక్కడ కదలలేదు. ఇంటి బిల్లుల్లో రెండు రకాలుంటాయి, ఆ అడ్రస్‌లో నివాసం రిజిస్టర్ చేసుకున్న వాళ్ళకి ఒక రేటు, మనలాంటి వచ్చిపోయే వాళ్ళుండే ఇళ్ళకి కొంచెం ఎక్కువ రేటు. ఆ ఎక్కువ రేటు కూడా మామూలు వాడకానికి యూనిట్‌కి 13 నుంచి 17 సెంట్ల మధ్యే. మా ఓనర్ మాత్రం అగ్రిమెంట్‌లో యూనిట్‌కి 30 సెంట్లు అని రాసింది. అడిగితే ఇక్కడ అందరూ ఇంతే అంది. ఏసీ, గీజర్, డీహ్యుమిడిఫైయర్, ఎలక్ట్రిక్ స్టవ్ అన్నీ కలిపి రోజుకి 18 యూనిట్లు కాలేది, అంటే నెలకి 160 పైన కరెంటుకే, నీళ్ళు కలిపితే 190. ప్రభుత్వం రేటుకి కట్టుంటే అందులో సగం. అద్దెలో తగ్గించినట్టే తగ్గించి మీటర్‌లో లాగేస్తారన్నమాట. దిగిన రోజే మీటర్ ఫోటో తీసి వాట్సాప్‌లో వాళ్ళకి పంపించండి, బిల్లు కాపీ చూపిస్తేనే కడతామని ముందే మాట్లాడుకోండి.

సీ వ్యూ గురించి కూడా ఒక మాట. బుగిబ్బా తీరం ఈశాన్యానికి తిరిగి ఉంటుంది, చలికాలంలో గ్రెగాలే అని ఈశాన్యపు గాలి లేస్తుంది, అది లేచిన రోజు అలలు రైలింగ్ దాటి రోడ్డు మీద పడతాయి, మా బాల్కనీ తలుపు రాత్రంతా దడదడలాడేది, పొద్దున్న చూస్తే గాజు మీద ఉప్పు పొర. పైగా ఆ వైపు గదికి పొద్దున కాసేపు తప్ప ఎండే రాదు. మా ఎదురు బ్లాక్‌లో దక్షిణం వైపు ఉన్న ఫ్లాట్‌లో ఒక ఇంగ్లీష్ ముసలి జంట ఉండేవాళ్ళు, ఏటా వస్తారట, వాళ్ళింట్లోకి వెళ్తే హీటర్ లేకుండానే వెచ్చగా ఉంది, మధ్యాహ్నం ఎండ సోఫా దాకా వస్తోంది. వీధివైపు ఇల్లు, సముద్రం కనపడదు, అద్దె మాకన్నా తక్కువ. కాబట్టి నన్నడిగితే చలికాలానికి దక్షిణం ముఖం, మధ్య అంతస్తు. పై అంతస్తు అయితే కప్పు మీంచి చలి, కింద అంతస్తు అయితే నేలలోంచి తేమ. సముద్రం ఎటూ మూడు నిమిషాల నడకే.

తిండి ఖర్చు నెలకి 650 దాకా అయ్యింది, ఇంట్లోనే వండుకుని. దీవి కదా, చాలా సరుకులు బయటినుంచి ఓడల్లో రావాలి, లిడ్ల్ సూపర్‌మార్కెట్‌కి వెళ్తే జర్మనీలో చూసిన ప్యాకెట్టే ఇక్కడ ఎక్కువ రేటుకి కనపడుతుంది, పాలు, పెరుగు, డైపర్లు ముఖ్యంగా. చవకగా దొరికేవి అక్కడి కూరగాయలు. రోడ్డు పక్కన వ్యాన్‌లో పెట్టి అమ్ముతారు, చలికాలంలో కాలీఫ్లవర్, నూల్‌కోల్, క్యాబేజీ, నారింజలు, ఫిబ్రవరి వచ్చేసరికి స్ట్రాబెర్రీలు. మంగళవారం, శనివారం తా కాలీలో రైతుల మార్కెట్ ఉంటుంది, మన రైతుబజార్ లాగే, బేరం మాత్రం ఉండదు, అత్తయ్యకి అదొక్కటే అసంతృప్తి. మన సరుకులకి ఎంసిడా, గ్జీరా వైపు ఇండియన్ షాపులున్నాయి, సోనా మసూరి, కందిపప్పు, కరివేపాకు దొరుకుతాయి, మ్యూనిక్ కన్నా కాస్త ఎక్కువే. అక్కడ మనవాళ్ళు బాగా ఉన్నారు, బస్సు డ్రైవర్లు, ఫుడ్ డెలివరీ వాళ్ళు, ముసలివాళ్ళని చూసుకునే వాళ్ళు, మలయాళీలు ఎక్కువ, షాపులో ఒకసారి గుంటూరు కుర్రాడు కలిసి మావయ్యతో గంటసేపు మిర్చి రేట్ల గురించి మాట్లాడాడు.

బయట తినాలంటే పస్టిజ్జీ ఒక్కటి చాలు. మన ఎగ్ పఫ్‌కి దూరపు చుట్టం, లోపల రికోటా చీజ్ గానీ బఠాణీ ముద్ద గానీ పెడతారు, యూరో లోపే, బఠాణీది తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. రెస్టారెంట్‌లో కూర్చుంటే మాత్రం మ్యూనిక్ రేట్లే, ఆదివారం మార్సష్లాక్‌లో చేపల మార్కెట్‌కి వెళ్ళి తీరం పక్కన కూర్చుని తింటే ఒక్క పూటకే వంద దాటింది.

మంచినీళ్ళు. కుళాయి నీళ్ళలో సగానికి పైగా సముద్రపు నీళ్ళని శుద్ధి చేసినవే, తాగొచ్చు అంటారు, తాగాం కూడా, రుచి నచ్చక బాటిల్స్ కొన్నాం. ప్రతి బాటిల్ మీద 10 సెంట్లు డిపాజిట్, 2022 చివరి నుంచి ఈ పద్ధతి పెట్టారు, ఖాళీ బాటిల్ సూపర్‌మార్కెట్ బయట ఉన్న మెషీన్‌లో వేస్తే స్లిప్ వస్తుంది. ఇది మావయ్య డ్యూటీ. రోజూ పొద్దున్నే సంచి పట్టుకుని బయల్దేరేవారు, ఒక మెషీన్ నిండిపోయి ఉంటే ఇంకోదానికి, అది పనిచేయకపోతే మూడోదానికి, చివరికి 1.20 స్లిప్ పట్టుకొచ్చి మా ఆయన చేతిలో పెట్టి లెక్క రాయమనేవారు.

తిరగడానికి బస్సులే వాడాం. రెండు, రెండున్నర యూరోల టికెట్‌తో 2 గంటల పాటు ఎన్ని బస్సులైనా మారొచ్చు. అక్కడి రెసిడెంట్లకి 2022 అక్టోబర్ నుంచి కార్డుంటే ఫ్రీ, మనకి కాదు. చలికాలంలో కూర్చోడానికి సీటు దొరుకుతుంది, వేసవిలో అయితే నిండిపోయి ఆపకుండా వెళ్ళిపోతాయని ఎదురింటి వాళ్ళు చెప్పారు. దీవి చిన్నదే అయినా ట్రాఫిక్ చిన్నది కాదు, బుగిబ్బా నుంచి రాజధాని వల్లెట్టాకి గంట పడుతుంది. పక్కనున్న గోజో దీవికి వెళ్ళే ఫెర్రీ మాత్రం బాగుంటుంది, వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు, నడిచెక్కితే ఐదు యూరోల లోపే, 25 నిమిషాలు. మావయ్యకి మొదటిసారి టికెట్ లేకుండా ఎక్కడం అస్సలు మనస్కరించలేదు.

వీసాల సంగతి. మాకు జర్మనీ పర్మిట్ ఉంది కాబట్టి వేరే షెంగెన్ దేశంలో 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండొచ్చు, అత్తయ్య వాళ్ళకి మాల్టా షెంగెన్ వీసా, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. ఒక్కొక్కరికి 90 యూరోలు ఫీజు, కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. వాళ్ళు మధ్యలో మ్యూనిక్ వచ్చి ఉన్న రోజులు కూడా ఆ 90లోనే లెక్క, ఇది మర్చిపోకండి. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడినుంచి లార్నకాలో ఆగి వచ్చే ఎమిరేట్స్‌లో వచ్చారు. లీవులో కాకుండా పని చేసుకుంటూ ఉందాం అనుకునే వాళ్ళు జర్మనీ ఆఫీసు పర్మిషన్, ఏ1 సర్టిఫికెట్ (సోషల్ సెక్యూరిటీ జర్మనీలోనే కడుతున్నాం అనే కాగితం) ముందే తీసుకోవాలి. బాబుకి జ్వరం వస్తే మోస్టాలో ప్రభుత్వ హెల్త్ సెంటర్‌కి వెళ్ళాం, జర్మనీ ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉండే యూరోపియన్ కార్డు చూపిస్తే డబ్బులు అడగలేదు, కాస్త ఎక్కువసేపు కూర్చోపెట్టారు అంతే. ప్లగ్గులు బ్రిటిష్ మూడు పిన్నులవి, తెనాలి మిక్సీకీ జర్మనీ ఛార్జర్లకీ రెండింటికీ అడాప్టర్లు కావాలి.

ఇక ఎవరూ చెప్పని ఖర్చు, జర్మనీ ఇంటి అద్దె. అది ఆగదు కదా. ఓనర్ ఒప్పుకుంటే ఎవరికైనా సబ్‌లెట్ ఇవ్వొచ్చు, మా ఓనర్ ఒప్పుకోలేదు, రెండు చోట్లా కట్టాం, అక్కడ హీటింగ్ కూడా పూర్తిగా ఆపలేం, పైపులు, గోడలు పాడవుతాయి. చలికాలం మాల్టాలో గడిపితే డబ్బులు మిగులుతాయి అని వీడియోల్లో చెప్పేవాళ్ళు ఈ లైన్ వదిలేస్తారు. మాకు మిగల్లేదు. డిసెంబర్‌లో పిల్లలు ఇసుకలో ఆడారు, అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి బయట తిరిగినంతసేపు గుర్తుకు రాలేదు, దానికి పెట్టిన ఖర్చు అది, పెట్టొచ్చు అనే అంటా.

డిపాజిట్ 500 ఇచ్చాం, వచ్చేశాక వారం దాటి 420 వేసింది. 80 ఎందుకంటే బీరువా వెనక గోడకి రంగు వేయించాలట, బూజు మా వల్లే వచ్చిందట. మేం దిగిన రోజు తీసిన ఫోటోల్లో అదే మూల పసుపు మచ్చలు స్పష్టంగా ఉన్నాయి, పంపించాం, ఇంకా రిప్లై లేదు. వచ్చే ఏడాది కోసం ఆ ఎదురు బ్లాక్ వాళ్ళ ఓనర్ నంబర్ తీసుకొచ్చాం.