చంకల చెమటకూ వాసనకూ శస్త్రచికిత్స: కోలుకునే రోజులను తూచి చూస్తే ఏది మేలు?

చంకల్లో అతిగా చెమట పట్టడం, చంకలు వాసన రావడం చాలామందిలో కలిసే కనిపించినా, మూలంలో అవి రెండు వేర్వేరు బాధలు. ఒళ్లంతా ఉండి శరీరాన్ని చల్లబరిచే ఎక్రైన్ గ్రంథుల నుంచి నీళ్లలాంటి చెమట వస్తుంది. చంకల్లో, గజ్జల్లో ఉండి యుక్తవయసులో పని మొదలుపెట్టే అపోక్రైన్ గ్రంథుల స్రావాన్ని చర్మంపై బాక్టీరియా విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. ఏ ఆపరేషన్ మేలన్నది ముందుగా ఈ తేడా మీద, ఆ తరువాత మనం ఎన్ని రోజులు చేతులు దించుకుని ఉండగలమన్న దాని మీద ఆధారపడుతుంది.

మొదటిది గాటు పెట్టి చేసే పద్ధతి. స్వీడన్ వైద్యులు స్కూగ్, థైరెసన్ 1962లోనే ఇలాంటి ఆపరేషన్‌ను వివరించారు. జపాన్, కొరియా, తైవాన్‌లలో చంకల వాసనకు ఇప్పటికీ ఈ తరహా శస్త్రచికిత్స చేస్తారు. తూర్పు ఆసియాలో ఏబీసీసీ11 అనే జన్యువులోని మార్పు వల్ల ఎక్కువమందికి చంకల వాసన దాదాపు ఉండదు కాబట్టి, ఉన్న కొద్దిమంది దాన్ని పెద్ద లోపంగా భావించి కుమిలిపోతారు. చంక ముడత వెంట గాటు పెట్టి, చర్మాన్ని తిరగేసి, దాని అడుగున అంటిపెట్టుకుని ఉన్న గ్రంథులను కంటితో చూస్తూ కత్తెరతో తీసేస్తారు. వాసనకు ఇంతకన్నా గట్టి మందు లేదని నా అభిప్రాయం.

అయితే ఆ గట్టితనానికి మూల్యం కోలుకునే రోజుల్లో చెల్లించాలి. అడుగు నుంచి రక్తం అందించే దారులు తెగిపోవడంతో ఆ పలచని చర్మం అంటుకట్టిన చర్మంలా మళ్లీ కింది కండకు అతుక్కోవాలి. చేయి పైకెత్తితే చర్మం జరుగుతుంది, కింద రక్తమో నీరో చేరుతుంది, అతుక్కోని చోట చర్మం నల్లబడి చచ్చుబడుతుంది. అందుకే గాజుగుడ్డ ముద్దను చంకలో పెట్టి, దానిపై కుట్లు బిగించి కొన్ని రోజులు అదిమి ఉంచుతారు. గాటు మీది కుట్లు విప్పేసరికి దాదాపు రెండు వారాలవుతుంది. ఆ రెండు వారాలూ దండెం మీద బట్టలు ఆరేయడం, అటక మీది డబ్బా దించడం, బస్సులో పై కడ్డీ పట్టుకోవడం కుదరదు. ఆడవారికి మరో చిక్కు ఉంది: చంక దగ్గర బిగుతుగా ఉండే జాకెట్టు వేసుకోలేరు, జడ తామే వేసుకోలేరు. ముందు గుండీలున్న వదులైన నూలు చొక్కానో నైటీనో రెండు మూడు సిద్ధం చేసుకోవాలి.

రెండోది గీరి పీల్చేసే పద్ధతి. కొన్ని మిల్లీమీటర్ల రంధ్రాల గుండా, కొవ్వు తీయడానికి వాడే లైపోసక్షన్ గొట్టాన్ని దూర్చి, చర్మం అడుగును గీరుతూ గ్రంథులను పీల్చేస్తారు. మచ్చ చిన్నది, కొన్ని రోజులు బిగుతు కట్టు చాలు, ఆఫీసు పనికి చాలామంది వారంలోపే వెళ్లగలరు. కమిలిన రంగు, తిమ్మిరి మెల్లగా తగ్గుతాయి. కానీ గ్రంథులు కంటికి కనిపించవు కనుక కొన్ని మిగిలిపోతాయి, మళ్లీ చెమటో వాసనో తిరగబెట్టే అవకాశం మొదటి పద్ధతిలో కన్నా ఎక్కువ.

మూడోది ఛాతీలోకి కెమెరా దూర్చి, చెమట పట్టమని గ్రంథులకు ఆదేశాలు మోసే సింపథెటిక్ నరాన్ని కత్తిరించే ఆపరేషన్. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వచ్చేయవచ్చు, చిన్న గాట్లు తప్ప పెద్ద గాయం ఉండదు. పైకి చూస్తే ఇదే సుఖం. కానీ వీపు, పొట్ట, తొడల మీద కొత్తగా చెమట పట్టడం చాలామందిలో జరుగుతుంది, అది తగ్గకుండా ఉండిపోవచ్చు. అరచేతుల చెమటకు ఇది బాగా పనిచేస్తుంది. చంకలకు మాత్రమే, అందులోనూ వాసన కోసం దీన్ని ఎంచుకోవడం తప్పని గట్టిగా చెబుతాను.

చెమట మాత్రమే బాధిస్తుంటే అసలు కత్తి అవసరం పడకపోవచ్చు. రాత్రి పొడి చర్మంపై రాసి ఉదయం కడిగేసే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణంతో మొదలుపెట్టి, అది చాలకపోతే బొటాక్స్‌కు వెళ్లవచ్చు. అమెరికాలో 2004లో అనుమతి పొందిన ఆ సూదిమందు ఒక్కో చంకకు 50 యూనిట్లు ఇస్తే సుమారు ఆరు నెలలు పనిచేస్తుంది, కోలుకోవడమంటూ దాదాపు ఉండదు. అవి కుదరనివారికి గీరి పీల్చేసే పద్ధతి మేలు. వాసనే ప్రధానమై, రెండు వారాల సెలవూ ఇంట్లో సాయం చేసే మనిషీ ఉన్నవారికి గాటు పద్ధతే మేలు. రెండు చంకలూ ఒకేసారి చేయించుకుంటే ఆ రెండు వారాలూ అన్నిటికీ మరొకరి మీద ఆధారపడాలి. ఒక్కొక్కటిగా చేయించుకుంటే ఒక చేయి మిగులుతుంది గాని సెలవు రెండింతలవుతుంది. ఏ పద్ధతైనా ఏప్రిల్, మే నెలల్లో వద్దు. మన ఎండలకు కట్టు కింద చెమట నాని, గాయం చెడుతుంది. కార్తీకం నుంచి మాఘం వరకు మంచి కాలం.

ఆపరేషన్ అయిన రాత్రి ఒక చంక మాత్రం ఉబ్బి, రాతిలా గట్టిపడి, నొప్పి పెరుగుతూ ఉంటే కింద రక్తం చేరుతోందని అర్థం. అప్పుడు మందు బిళ్ల మింగి తెల్లవారేదాకా ఆగకూడదు, ఆ గంటలోనే సర్జన్‌కు ఫోన్ చేయాలి.