టూల్ ‘లాటరలస్’: 6వ పాటకీ 7వ పాటకీ మధ్య

అమెరికన్ రాక్ బృందం టూల్ చేసిన ఆల్బమ్ లాటరలస్. దాని అభిమానులు ఇద్దరు కలిస్తే మాట ముందుగా ఫిబొనాచీ లెక్క మీదికే (ముందు రెండు సంఖ్యల్నీ కూడితే తర్వాతిది వచ్చే వరుస) పోతుంది. నాకు మాత్రం ఈ ఆల్బమ్ అంటే ఒక అతుకు. 6వ పాట పారబోల్ ముగిసి 7వ పాట పారబోలా మొదలయ్యే చోటు. అక్కడేం జరుగుతుందో విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, విననివాళ్ళకి చెబితే మజా పోతుంది. అయినా అది చెప్పకుండా నా గోడు అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను.

పారబోల్ మూడు నిమిషాల పాట. ఆడమ్ జోన్స్ గిటార్ తీగల్ని ఒక్కొక్కటిగా మీటుతుంటాడు. మేనార్డ్ జేమ్స్ కీనన్ గొంతు పైకి లేవదు, ఏదో జపం చేస్తున్నట్టు కింది స్థాయిలోనే నడుస్తుంది. సరిగ్గా వినపడక చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. చివరి స్వరం ఇంకా సాగుతుండగానే గిటారు, బేసు, డ్రమ్సు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఇందాక గొణిగినట్టు పాడిన మాటల్లో చాలా మాటలు మళ్ళీ వస్తాయి, ఈసారి గొంతెత్తి. రెండూ నిజానికి ఒకటే పాట, రెండు నంబర్లు వేశారంతే. హెవీ మ్యూజిక్‌లో నెమ్మదిగా మొదలై పెద్దగా మారే పాటలకి కొదవ లేదు. కానీ ఇంత ఓపిగ్గా కూర్చోబెట్టి, ఇంత కచ్చితమైన క్షణంలో కొట్టేది నేను ఇంకోటి వినలేదు.

సీడీలో ఈ అతుకు కనపడదు. సీడీ మీద ట్రాక్ నంబర్లంటే ఒకే ధార పొడుగునా పెట్టిన గుర్తులు మాత్రమే, ఆగడం అనేది ఉండదు. చిక్కంతా జేబులో పెట్టుకుని తిరుగుదామనుకున్నప్పుడు మొదలైంది. 2001 మేలో వచ్చిన ఈ ఆల్బమ్‌ని టూల్ వాళ్ళు 2019 ఆగస్టు దాకా డిజిటల్‌గా అమ్మలేదు, స్ట్రీమింగ్‌కీ ఇవ్వలేదు. పాటల్ని ముక్కలుగా అమ్మడం వాళ్ళకి ఇష్టం లేదు. పాపం మంచి ఉద్దేశమే! కానీ దాని ఫలితంగా మాబోటి వాళ్ళం సీడీని కంప్యూటర్లో పెట్టి ఎంపీ3లు చేసుకున్నాం. ముక్కలు కాకూడదని వాళ్ళు పట్టుబట్టిన ఆల్బమ్ మా చేతుల్లో 13 ముక్కలైంది.

ఎంపీ3 పద్ధతిలోనే ఒక లోపం ఉంది. అది శబ్దాన్ని 1152 శాంపిల్స్ (క్షణక్షణానికీ తీసిన శబ్దపు కొలతలు) చొప్పున ఫ్రేములుగా కోస్తుంది. సెకనుకి 44,100 శాంపిల్స్ లెక్కన ఒక్కో ఫ్రేమ్ సెకనులో నలభయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. పాట చివరి ముక్క ఫ్రేముకి చాలకపోతే మిగతాది నిశ్శబ్దంతో నింపేస్తారు. పాట మొదట్లోనూ ఎన్‌కోడర్, అంటే ఎంపీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్, కొంత ఖాళీ చేరుస్తుంది. ఎంత చేర్చిందో ఫైల్లో రాసిపెట్టే ఎన్‌కోడర్లు ఉన్నాయి, అది చదివి ఆ ఖాళీని కోసేసే ప్లేయర్లూ ఉన్నాయి. నా దగ్గరున్న ప్లేయర్‌కి ఆ చదువు అబ్బలేదు. పైగా తర్వాతి ఫైల్ తెరవడానికి దానికి ఇంకాస్త టైమ్ కావాలి. మామూలు ఆల్బమ్‌కి ఇవేవీ పట్టవు, పాటకీ పాటకీ మధ్య ఎలాగూ ఖాళీ ఉంటుంది. ఇక్కడ మాత్రం జపం సాగుతూ సాగుతూ టక్కున తెగేది, ఒక క్షణం చీకటి, ఆ తర్వాత గిటార్లు. పంటి కింద రాయి పడ్డట్టే. ఆ ఖాళీ వస్తుందని ముందే తెలియడంతో చివరి అర నిమిషం పాట వినడం మానేసి టెన్షన్‌గా దాని కోసమే కాచుకుని కూర్చోవడం అలవాటైంది. అంతకన్నా పెద్ద నష్టం లేదు. ప్లేయర్ కంపెనీకి రాస్తే ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోమన్నారు. చేసినా అదే ఖాళీ.

స్ట్రీమింగ్‌లోకి రాగానే ఈ బాధ తీరిందనుకున్నాను. ఖాళీ పోయింది నిజమే. కానీ అదిరిపడాల్సిన చోట అదురు లేదు. కారణం, పాటలన్నిటి సౌండ్‌నీ సమం చేసే సెట్టింగ్. అది పాటపాటకీ విడివిడిగా పనిచేస్తే నెమ్మదైన పారబోల్‌ని పైకి లేపుతుంది, గట్టి పారబోలాని కిందికి దించుతుంది. ఇద్దరూ వచ్చి ఒకే ఎత్తులో నిలబడతారు. ఇంకేం మిగిలింది? కొన్ని యాప్‌లు ఆల్బమ్‌ని వరుసగా వేస్తే మొత్తానికి ఒకే కొలత వాడతాయి, పాటల మధ్య తేడా అలాగే ఉంటుంది. అదే పాటల్ని ప్లేలిస్ట్‌లో పెడితే మళ్ళీ విడివిడి కొలత. సెట్టింగ్ పూర్తిగా ఆపేసి, ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ కూడా తీసేసి, మంచి హెడ్‌ఫోన్స్‌తో మొదటినుంచి వేసిన రోజున పారబోలా మొదటి దెబ్బకి నిజంగా ఉలిక్కిపడ్డాను. ఏళ్ళ తరబడి తెలిసిన పాట, ఎప్పుడొస్తుందో తెలిసిన దెబ్బ, అయినా సరే.

ఇక ఫిబొనాచీ. టైటిల్ పాటలో మాటల అక్షరాలు 1, 1, 2, 3, 5, 8 అని పెరిగి, మళ్ళీ 5, 3 అని దిగుతాయి. పల్లవి తాళం 9, 8, 7 మాత్రల మీద తిరుగుతుంది, 987 కూడా ఆ వరుసలోని సంఖ్యే. ఒకప్పుడు దొరికినవాళ్ళందరికీ నేనే ఇది చెప్పి మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు వింటుంటే ఆ లెక్క మీదికి మనసు పోదు, డానీ కేరీ డ్రమ్స్ మీదికే పోతుంది. లెక్క తెలియనివాళ్ళు కూడా తల ఊపేది దానికే.

కొందరు అభిమానులు ఇంకో అడుగు వేసి పాటల వరుసే మార్చారు. ‘హోలీ గిఫ్ట్’ అంటారు దాన్ని: 6-7, 5-8, 4-9 అంటూ కూడితే 13 వచ్చేలా జతలు కట్టి, చివరి పాట 13ని మధ్యలో పెట్టి, తర్వాత 1-12, 2-11, 3-10. తమాషా ఏంటంటే ఆ వరుసలో కూడా పారబోల్, పారబోలా పక్కపక్కనే, మొట్టమొదటే ఉన్నాయి. అంతవరకు సంతోషం. కానీ డిస్పొజిషన్, రిఫ్లెక్షన్, ట్రయాడ్ (10, 11, 12) ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చే మూడు పాటలు. వాటిని తీసుకెళ్ళి తిరగేసి, మధ్యలో వేరే పాటలు దూర్చి, డిస్పొజిషన్‌ని ఆఖర్న పడేశారు. అది నేను క్షమించను. పదకొండు నిమిషాల రిఫ్లెక్షన్‌కి ముందు ఆ నెమ్మది లేకపోతే అది ఉత్త సాగతీతలా వినిపిస్తుంది.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పను. స్కిజమ్ బేస్ మెట్టు అందరికీ తెలిసిందే. ది గ్రడ్జ్ చివర్లో కీనన్ సుమారు 25 సెకన్లు ఊపిరి తీసుకోకుండా అరిచే అరుపు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. టిక్స్ అండ్ లీచెస్ మాత్రం ఈమధ్య దాటేస్తున్నాను. ఒకప్పుడు ఎంతో మెచ్చుకున్న పాటే, నా చెవులు ఇప్పుడు దానికి సిద్ధంగా లేవు.

కొత్తవాళ్ళకి సిఫారసు చేస్తానా అంటే, సగం సగం. నాకు రాత్రిపూట గంటా ఇరవై నిమిషాలు ఎవరూ పిలవని టైమ్ దొరుకుతుంది, అందుకే నాకు నప్పింది. పనుల మధ్య పావుగంట చొప్పున వినేవాళ్ళకి ఇదే ఆల్బమ్ విసుగు పుట్టించొచ్చు, వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళకి స్కిజమ్ ఒక్కటి చాలు. మొత్తం వినేవాళ్ళు కూడా రాత్రి ఒంటరిగా ఉంటే 13వ ట్రాక్ ముందే ఆపేయొచ్చు. 1997లో ఆర్ట్ బెల్ రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి, అమెరికా రహస్య సైనిక స్థావరం ఏరియా 51లో పనిచేశానంటూ ఏడుపు గొంతుతో మాట్లాడిన ఒక మనిషి రికార్డింగ్ అది, గరగర శబ్దాల మధ్య. నేనైతే ట్రయాడ్ కాగానే ఆపేస్తాను.