శిశువు, పెద్దవారి దవడ కీళ్ల నమూనాల జత: ఏడాది వాడిన తర్వాత

దంతవైద్య విద్యార్థులకు దవడ కీలు పాఠం చెప్పేటప్పుడు చూపడానికి, అప్పుడే పుట్టిన శిశువు పుర్రెను, పెద్దవారి పుర్రెను జతగా అమ్మే ప్లాస్టిక్ నమూనాలు తెప్పించి ఒక విద్యా సంవత్సరం పాటు వాడాను.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చినది శిశువు కణత ఎముక. పుర్రెను బోర్లించి, చెవి రంధ్రానికి ముందు వేలు ఆనించి ముక్కు వైపు జరిపితే దానికి అడ్డేమీ తగలదు. పెద్దవారి పుర్రెలో అదే వేలు ముందు లోతైన గుంటలోకి దిగి, ఆ తర్వాత పొలం గట్టు లాంటి ఎత్తును ఎక్కవలసి వస్తుంది. పుట్టినప్పుడు దాదాపు చదునుగా ఉండే ఆ చోటు, పాలపళ్లన్నీ వచ్చేసరికే పెద్దవారి గట్టులో ఇంచుమించు సగం ఎత్తుకు చేరుతుంది. బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా పట్టుబడని ఈ సంగతి వేలితో ఒక్కసారి తడిమితే విద్యార్థికి అర్థమవుతోంది. శిశువు కింది దవడ రెండు సగాలుగా ఉండి మొదటి ఏడాదిలో గడ్డం దగ్గర అతుక్కుంటుందని తెలిపే గీత కూడా స్పష్టంగానే ఉంది.

అసలు లోపం కాండైల్ దగ్గర, అంటే కింది దవడ పైచివర ఉండి కీలులో కదిలే గుండ్రని భాగం దగ్గర ఉంది. రెండు నమూనాల్లోనూ అదే గట్టి ప్లాస్టిక్ వాడారు. పసిపిల్లల్లో ఆ భాగం పొట్టి మెడతో, మందమైన మృదులాస్థి తొడుగుతో, రక్తనాళాలు నిండిన మెత్తని ఎముకతో ఉంటుంది. అందుకే గడ్డానికి బలమైన దెబ్బ తగిలితే పెద్దవారిలో తరచుగా కాండైల్ కింది సన్నని మెడ విరుగుతుంది, మరీ చిన్న పిల్లల్లో మాత్రం కాండైల్ తలే చితికి కీలులోకి రక్తం చేరవచ్చు. దాన్ని గుర్తించకపోతే కీలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడమే కాక, ఆ వైపు దవడ ఎదుగుదల కూడా కుంటుపడే ప్రమాదం ఉంది. మెట్ల మీద నుంచి పడి గడ్డం చిట్లిన బిడ్డకు కుట్లు వేసి పంపేముందు కీలును కూడా పరీక్షించాలని నేను ప్రతి బ్యాచ్‌కూ నొక్కి చెబుతాను. ఈ నమూనా అందుకు సాయపడదు కాబట్టి, శిశువు కాండైల్ మీద ఆడుకునే బంకమట్టి అద్ది, బొటనవేలితో నొక్కి చూపిస్తున్నాను.

పెద్దవారి కీలులో, రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌ను రబ్బరుతో చేసి అమర్చారు, శిశువుకు అసలు అమర్చలేదు. పుట్టేనాటికే డిస్క్ ఉంటుంది గనుక ఇది తప్పుదారి పట్టించే విషయం. పైగా ఆ రబ్బరు ముక్క రెండో నెలలోనే ఊడిపోయింది, అమ్మినవారికి రెండుసార్లు రాసినా జవాబు రాలేదు. దవడను బిగించిన స్ప్రింగు తలుపు బందులా తిప్పడానికే పనికొస్తుంది, నోరు బాగా తెరిచినప్పుడు కాండైల్ గట్టు మీదుగా ముందుకు జారడం దానితో చూపలేము.

మొదటి సంవత్సరం శరీర నిర్మాణ పాఠానికి ఈ జతను నిస్సంకోచంగా కొనవచ్చు. గాయాల చికిత్స నేర్పేవారు మాత్రం ఐదారేళ్ల పిల్లల పుర్రె కూడా ఉన్న సెట్టు దొరికితే దాన్నే ఎంచుకోవడం మంచిది.