కారు అద్దాలకు ఫిల్మ్ వేయించాలనుకుంటున్న వైజాగ్ వాళ్ళు ముందు ఇది చదవండి

షాపు నుంచి ఇంటికొచ్చి గంట కూడా కాలేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. షాపు పేరు రాయను. రీల్స్‌లో రోజూ కనిపిస్తూ 'లీగల్ ఫిల్మ్, పోలీసులు ఆపరు' అని చెప్పే షాపే, చాలామందికి ఈపాటికి అర్థమై ఉంటుంది.

నాన్నకి మొన్ననే శుక్లాల ఆపరేషన్ అయింది. గాజువాక నుంచి చెకప్‌కి తీసుకెళ్తుంటే మధ్యాహ్నం ఎండ నేరుగా కళ్ళలో కొడుతోందని తువ్వాలు కప్పుకుని కూర్చుంటున్నారు. అది చూడలేక ఫిల్మ్ వేయిద్దామనుకున్నాను. నల్లగా వద్దు, రూల్ ప్రకారమే కావాలని రెండుసార్లు చెప్పాను. ఓనరు లామినేషన్ చేసిన ఓ కాగితం చూపించి '50 పర్సెంట్ సార్, గవర్నమెంట్ చెప్పిందే' అన్నాడు. 5,500 ఇచ్చాను. బిల్లు మీద 'గ్లాస్ వర్క్' అని తప్ప ఇంకేమీ లేదు. అప్పుడైనా అడగాల్సింది. అడగలేదు, అది నా తప్పే.

తొమ్మిదో రోజు మద్దిలపాలెం దగ్గర ఆపారు. ఎస్ఐ గారు అద్దం గుండా ఎంత శాతం వెలుతురు వస్తోందో కొలిచే మీటరు పెట్టి చూపించారు: 34. నేను 50 ఫిల్మే వేయించానంటే ఆయన ఓపిగ్గా లెక్క చెప్పారు. రూల్‌లో ఉన్న 50 ఫిల్మ్‌కి కాదు, అద్దం, ఫిల్మ్ రెండూ కలిపి ఎంత వెలుతురు లోపలికి వస్తోందన్న దానికి. కంపెనీ అద్దమే 70 దగ్గర ఉంటే దాని మీద 50 ఫిల్మ్ వేస్తే సగానికి పడిపోయి 35 అవుతుంది. వెనక అద్దానికైతే 70 ఉండాలి, వాడు దానికీ ఇదే ఫిల్మ్ వేశాడు. రోజూ ఇదే పని చేసేవాడికి ఈ లెక్క తెలియదంటే నేను నమ్మను.

2012లో సుప్రీంకోర్టు ఎంత శాతమైనా సరే ఫిల్మ్ అతికించకూడదంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్‌లో ప్రమాణాలకు తగిన ఫిల్మ్‌కి వీలిచ్చారు, 2024లో కేరళ హైకోర్టూ అదే చెప్పింది. కానీ ముందూ వెనకా 70, పక్కల 50 అన్నది మాత్రం మారలేదు. ఫిల్మ్‌కి వీలుందన్న ఆ సగం మాట పట్టుకునే వీళ్ళు వ్యాపారం చేస్తున్నారు.

చలానా కట్టి, ఫిల్మ్ తీయించడానికి ఇవాళ మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాను. ఓ కుర్రాడొచ్చి వేడి పెట్టకుండా, నీళ్ళు కొట్టకుండా వెనక అద్దం ఫిల్మ్ మూల పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అద్దానికి పట్టిన ఆవిరిని వేడితో పోగొట్టే డీఫాగర్ గీతలు ఉంటాయి చూడండి, గోధుమ రంగులో సన్నగా, అవి నాలుగు ఊడి జిగురుకి అతుక్కుని వచ్చేశాయి. ఆ ఫిల్మ్ చేత్తో పట్టుకుని ఓనరుకి చూపించాను. తల కూడా ఎత్తకుండా 'ఏటండీ, అవి ముందే పోయుంటాయి' అన్నాడు. మా నాన్న కళ్ళ కోసం వేయించానయ్యా, రూల్ ప్రకారమే వేయమన్నాను కదా అంటే, కారులో కూర్చున్న నాన్నకి వినపడేలా అన్నాడు: 'ముసలాయనకి నల్ల కళ్ళజోడు కొనిస్తే సరిపోయేది కదా, మా ప్రాణం తీయడం దేనికి?'

డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. ఇంటికొచ్చేదాకా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం 'నా కోసం ఎందుకురా ఇదంతా' అన్నారు.

వానాకాలం వస్తోంది, ఆ గీతలు లేకపోతే వెనక ఏమీ కనపడదు. అద్దం మొత్తం మార్చాలంటున్నారు.

వేయించక తప్పదనుకుంటే ముందు ఖాళీ అద్దానికి, ఫిల్మ్ వేశాక మళ్ళీ, మీ కళ్ళ ముందే మీటరు పెట్టించండి. మీటరు లేని షాపులో వేయించకండి. ఫిల్మ్ పేరూ శాతమూ బిల్లు మీద రాయించండి. వెనక అద్దం జోలికి అసలు పోవద్దు.

ఆ షాపులో మోసపోయినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు చెప్పండి. బిల్లు, చలానా, గీతలు అంటుకున్న ఫిల్మ్ ముక్క అన్నీ దాచాను. కలిసి వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం.