లైసెన్సుల పార్ట్‌నర్‌ను మారిస్తే ఇన్సెంటివ్ ఎవరికి? మైక్రోసాఫ్ట్ సీఎస్‌పీ సమీక్ష

మైక్రోసాఫ్ట్ లైసెన్సులను పార్ట్‌నర్ కంపెనీల ద్వారా అమ్మే పద్ధతే సీఎస్‌పీ (క్లౌడ్ సొల్యూషన్ ప్రొవైడర్). ఇందులో డబ్బు బిల్లు వెంట నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ 365 సీట్లు (ఒక్కో యూజర్ లైసెన్సు) ఏ పార్ట్‌నర్ ఖాతాలో ఉంటే మార్జిన్, రిబేటు వాళ్లవే. సీట్లు కొత్త పార్ట్‌నర్‌కు ట్రాన్స్‌ఫర్ అయిన రోజు నుంచి పాత పార్ట్‌నర్‌కు ఆ కస్టమర్ మీద రాబడి ఉండదు. అయినా ట్రాన్స్‌ఫర్‌కు ఒప్పుకోవాల్సింది ఆ పార్ట్‌నరే. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే.

కొత్త పార్ట్‌నర్ పంపే రీసెల్లర్ లింకును కస్టమర్ గ్లోబల్ అడ్మిన్ (ఖాతా మీద పూర్తి అధికారం ఉన్న వ్యక్తి) ఆమోదించాలి, మైక్రోసాఫ్ట్ కస్టమర్ అగ్రిమెంట్‌కు ఒప్పుకోవాలి. అప్పుడు కొత్తవాళ్లు మైక్రోసాఫ్ట్ పార్ట్‌నర్ల పోర్టల్ అయిన పార్ట్‌నర్ సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ రిక్వెస్టు పెడతారు. పాతవాళ్లు 30 రోజుల్లో అంగీకరించకపోతే మళ్లీ మొదటికి. ట్రాన్స్‌ఫర్ అయినా టర్మ్ (సబ్‌స్క్రిప్షన్ కాలం) ముగిసే తేదీ మారదు.

ఆలస్యం అవుతోందని కొత్తవాళ్ల దగ్గర అవే సీట్లు కొనేయడం పెద్ద పొరపాటు. రద్దుకు ఉన్న గడువు 7 రోజులే. అది దాటితే ఏడాది టర్మ్‌లో సీట్లు తగ్గించడం కూడా కుదరదు, రెండు బిల్లులూ కట్టాల్సిందే. టర్మ్ రెండు నెలల్లో ముగుస్తుంటే ట్రాన్స్‌ఫర్ జోలికే వెళ్లొద్దు. ఆటో రెన్యువల్ ఆపించి, ముగిసే రోజుకు కొత్తవాళ్ల దగ్గర కొనండి. ఆపే బటన్ పాత పార్ట్‌నర్ చేతిలోనే ఉంటుంది కాబట్టి, ఆపినట్టు మెయిల్‌లో రాయించుకోండి.

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీసు అజూర్ లెక్క వేరు. అక్కడ పార్ట్‌నర్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే తగ్గింపు, అంటే పార్ట్‌నర్ ఎర్న్‌డ్ క్రెడిట్, 15 శాతం. బిల్లు చేతికి వచ్చినంత మాత్రాన అది రాదు, కస్టమర్ అజూర్ రిసోర్సుల మీద యాక్సెస్ కూడా ఉండాలి. ఏ రోజుకారోజే లెక్క, యాక్సెస్ లేని రోజు క్రెడిట్ పోయినట్టే. అజూర్‌లో తమకు రోల్ (యాక్సెస్ స్థాయి) ఇవ్వమని కొత్త పార్ట్‌నర్ పట్టుబట్టేది ఇందుకే. అందుకని పూర్తి అధికారాలుండే ఓనర్ రోల్ ఇవ్వనక్కర్లేదు. సపోర్ట్ రిక్వెస్ట్ కాంట్రిబ్యూటర్ చాలు, రీడర్ మాత్రం చెల్లదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ధర బేరంలో కస్టమర్ చేయి పైన ఉంటుంది: యాక్సెస్ ఇస్తున్నప్పుడు ఆ 15లో కొంత తగ్గించమని నిస్సంకోచంగా అడగండి.

బిల్లు మారినా పాత పార్ట్‌నర్‌కు మీ ఖాతాను నిర్వహించడానికి ఇచ్చిన జీడాప్ (GDAP) యాక్సెస్ దానంతటది పోదు. మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్‌లో సెట్టింగ్స్, పార్ట్‌నర్ రిలేషన్‌షిప్స్‌లోకి వెళ్లి తీసేయాలి. అజూర్‌లో ఇచ్చిన రోల్స్ విడిగా చూసుకోవాలి.

ఏడాది డబ్బు ముందే కట్టేసి ఉంటే, మిగిలిన కాలానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే క్రెడిట్ పాత పార్ట్‌నర్ ఖాతాకు వెళ్తుంది, మీకు కాదు. ఆ మొత్తానికి వాళ్లు మీకు జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ ఎప్పుడిస్తారో ట్రాన్స్‌ఫర్‌కు ముందే తేల్చుకోండి. ఆ సబ్‌స్క్రిప్షన్ అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే ఆ నోటుపై వాళ్లు పన్ను తగ్గించుకోలేరు, ఇక మీకు తిరిగి ఇవ్వడానికి వెనకాడతారు.