గుండెపోటు వస్తే: తిరుపతికి పరుగా, పలమనేరులోనే సూదిమందా?

పలమనేరు నుంచి తిరుపతికి వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో మొగిలి ఘాట్ ఒకటి. అక్కడి పెద్దాసుపత్రి స్విమ్స్‌లో, గుండె రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపి చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్ ఉంది, మూసుకుపోయిన రక్తనాళాన్ని స్టెంట్‌తో తెరవడమే మేలైన వైద్యం. కానీ గుండెపోటని తేలిన 120 నిమిషాల్లోపు అది జరగాలి. పలమనేరు నుంచి బయల్దేరడం, చిత్తూరు ట్రాఫిక్, క్యాజువాలిటీలో చేరడం అన్నీ కలిపితే ఆ టైమ్ దాటిపోతుంది.

మరి 108లో ఏఎల్ఎస్ (అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్) అంబులెన్సులు పెంచితే? పెంచాల్సిందే. వాటిలో మానిటర్, వెంటిలేటర్, షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఉంటాయి. గుండె లయ తప్పి ఆగిపోతే, షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అయితే బండి ఎంత మంచిదైనా, నాళాన్ని మూసేసిన రక్తపు గడ్డ దారి పొడవునా కరగకుండా అలాగే ఉంటుంది.

దాన్ని కరిగించే సూదిమందు టెనెక్టిప్లేస్. రాష్ట్రంలో స్టెమీ (గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి వచ్చే గుండెపోటు) కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఈసీజీ తీసి, దూరంగా ఉన్న కార్డియాలజిస్టుకు పంపి, ఆయన సరేనంటే ఒక్క సూదితో ఎక్కించేస్తారు. మొదటి మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది. ఈమధ్యే పక్షవాతం వచ్చినవాళ్లకు, రక్తస్రావం ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వకూడదు.

నా ఓటు ముందు సూదికే, ఆ వెంటనే ఏఎల్ఎస్‌లో తిరుపతికి. మందు పడ్డాక కూడా యాంజియోగ్రామ్ కావాలి, దారిలో గుండె లయ తప్పొచ్చు. కాబట్టి బడ్జెట్‌లో మొదటి రూపాయి ఏరియా ఆసుపత్రిలో రాత్రి రెండింటికైనా పది నిమిషాల్లో ఈసీజీ తీసే మనిషికి వెళ్లాలి.