గుంటూరు శివార్లలో పెద్దల కాలనీ: కోవిడ్‌కు ముందు నుంచి ఉంటున్నవారి మాట

గుంటూరు ఊరి బయట, అరవై దాటినవాళ్ల కోసమే కట్టిన ఈ కాలనీలోకి మేమిద్దరం కోవిడ్‌కు ముందు వచ్చాం. మా వారు నీటిపారుదల శాఖలో పనిచేశారు, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. కాలనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేదాంట్లో మెచ్చుకోలు ఎంత ఉందో ఫిర్యాదూ అంతే ఉంది, పైగా రేపు పొద్దున టిఫిను మళ్లీ వాళ్ల వంటింట్లోదే తినాలి.

ముందు డబ్బు సంగతి. ఇలాంటి చోట్ల కొన్నిటిలో ఇల్లు కొనుక్కోవాలి, కొన్నిటిలో డిపాజిట్టు కట్టి ఉన్నంతకాలం ఉండవచ్చు, కొన్నిటిలో నెల అద్దె. మాది డిపాజిట్టు పద్ధతి. భోజనానికి, నిర్వహణకు నెలనెలా వేరే కట్టాలి. డిపాజిట్టు ఎంత అన్న దగ్గర అందరూ బేరమాడతారు. అది ఎప్పుడు తిరిగి వస్తుందో చదివేవాళ్లు తక్కువ. మా ఒప్పందపత్రంలో ఆ ఇంట్లోకి కొత్తవారు చేరిన తరువాత ఇస్తామని ఉంది, గడువు మాత్రం లేదు. మా వరుసలో ఒక పెద్దాయన పోయాక ఆయన పిల్లలు ఏడాదికి పైగా తిరిగారు. ఇన్ని నెలల్లోగా ఇస్తామని రాయించుకోండి. అందుకు ఒప్పుకోకపోతే ఇంకో చోటు చూసుకోండి.

ఇక భోజనం. ఇక్కడ జరిగే గొడవల్లో సగం ఉప్పు, కారం దగ్గరే మొదలవుతాయి. బీపీ ఉన్నవాళ్లు ఎక్కువమంది కాబట్టి కూరలన్నీ ఆసుపత్రి వంటలా చప్పగా వండేవారు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు అది పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పళ్లేలు సగం నిండుగానే తిరిగి వెళ్లేవి. చివరికి ఒక బాట దొరికింది. కూర ఉప్పు తగ్గించే వండుతారు, గోంగూర పచ్చడి, కారప్పొడి విడిగా పెడతారు, ఎవరి ఆరోగ్యానికి వారే పూచీ. ఆవకాయ మాత్రం మేమే పెట్టుకుంటాం. వేసవిలో హాలులో పాత చీరలు పరిచి, ముక్కలు తుడవడం దగ్గర నుంచి మూడో రోజు తిరగకలపడం వరకు ఎవరి పని వారికి ఉంటుంది. ఆవపిండి ఏ పాళ్లలో కలపాలన్న వాదన ప్రతి ఏడాదీ కొత్తగా మొదలవుతుంది. బయట తయారైన పచ్చడి వంటింట్లో ఉండకూడదని నిర్వాహకులు అభ్యంతరం చెబితే జాడీలు లైబ్రరీ బీరువాలోకి చేరాయి. ఇప్పుడు మా లైబ్రరీకి వచ్చేవారి సంఖ్య చాలా బాగుంది.

కలిసి ఉండడం గురించి కరపత్రంలో రాసినంత సులువుగా ఏమీ జరగలేదు. ఊళ్లలోని గీతలన్నీ భోజనాల హాలులోకీ వచ్చాయి. ఎవరి బల్ల ఎవరిదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. ఉద్యోగంలో హోదా ఒక గీత, కులం ఇంకో గీత, పిల్లలు ఏ దేశంలో ఉన్నారన్నది మరొకటి. కోవిడ్‌లో హాలు మూసేసి క్యారియర్లు గుమ్మం ముందు పెట్టి వెళ్లారు. మళ్లీ తెరిచినప్పుడు బల్లకు ఒక్కరే కూర్చోవాలన్నారు. తరువాత కుర్చీలు దగ్గరికి చేరాయి గానీ పాత గుంపులు పూర్తిగా తిరిగి ఏర్పడలేదు. అప్పటికే కొందరు లేరు. మిగిలినవాళ్లు ఎవరు పలకరిస్తే వారి పక్కన కూర్చున్నారు. నిర్వాహకులు పెట్టిన పరిచయ కార్యక్రమాలు, అంత్యాక్షరి పోటీలు సాధించలేనిది ఇలా జరిగింది.

ఆరోగ్యం విషయంలో నేను ఎక్కువ మార్కులు వేసేది ఫిజియోథెరపీకి. మా వారికి పార్కిన్సన్స్. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవారు. మేము చెయ్యి పట్టుకుని లాగేవాళ్లం, అలా లాగితే పడిపోయే ప్రమాదం ఎక్కువట. ఇక్కడికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి గుమ్మానికి ఇటూ అటూ నేల మీద అడుగు దూరంలో పసుపు టేపు ముక్కలు అడ్డంగా అంటించింది. 'బాబాయిగారూ, గుమ్మం సంగతి వదిలేయండి, గీత దాటండి చాలు' అంది. ఆయన దాటారు. ఖర్చు ఒక టేపు చుట్ట. యోగా బాగానే ఉంది, కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు ఇంకా బాగున్నాయి. ఈత కొలను మాత్రం కరపత్రంలో బొమ్మ కోసం కట్టినట్టుంది. దిగేవాళ్లు లేరు, దాని ఖర్చు మాత్రం అందరి నెల రుసుములోనూ ఉంది. మొదట్లో వరండాల్లో నున్నటి టైల్స్ వేశారు, వాన జల్లు పడితే జారుడుబల్లే. ఇద్దరికి తుంటి ఎముక విరిగాకే గరుకు రాళ్లు వేయించారు. ఇల్లు చూడడానికి వచ్చేవాళ్లు స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు గోడకు గట్టిగా ఉన్నాయో లేదో ఊపి చూడండి. రాత్రి గంట నొక్కితే నర్సు ఎంతసేపట్లో వస్తుందో కూడా ఒకసారి నొక్కి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు.

నన్ను ఇక్కడ నిలబెట్టింది మాత్రం సహాయనిధి. ఇలాంటి చోట ఉండేవాళ్లంతా డబ్బున్నవాళ్లేనని బయట అనుకుంటారు. నాలాంటి ప్రభుత్వ పింఛనుదారుకు నెల తిరిగేసరికి డబ్బు వస్తుంది. ప్రైవేటు మిల్లులో చేసినవారికి వచ్చే పీఎఫ్ పింఛను సంగతి వేరు. దాని కనీస మొత్తాన్ని 2014లో వెయ్యి రూపాయలు చేశారు, తరువాత ఏళ్ల తరబడి పెంచలేదు. అలాంటివారు ఇల్లు అమ్మి డిపాజిట్టు కట్టి, మిగిలినది బ్యాంకులో వేసుకుని వడ్డీతో నెట్టుకొస్తారు. లెక్క ఎనభై ఏళ్లకు వేసుకుంటారు, ఆయుష్షు తొంభైకి వెళుతుంది. అప్పుడు నెల రుసుము ఎవరు కట్టాలి? అలాంటివారి కోసమే ఈ నిధి.

నిధి మొదలైన కొత్తలో సాయం తీసుకున్నవారి పేర్లు నోటీసు బోర్డులో పెట్టారు, పారదర్శకత అన్నారు. ఒకావిడ తన పేరు చూసుకుని భోజనాల హాలుకు రావడం మానేసింది, గదిలోనే మజ్జిగన్నం తిని ఉండేది. ఆ బోర్డు తీయించడానికి సర్వసభ్య సమావేశంలో గట్టిగానే అరిచాను. ఇప్పుడు పేర్లు ముగ్గురికే తెలుసు. బోర్డులో వచ్చింది ఎంత, ఇచ్చింది ఎంత, మిగిలింది ఎంత అన్న అంకెలే ఉంటాయి. నిధి ఖాతాను నిర్వాహకుల ఖాతా నుంచి వేరు చేయించడానికి మరో పోరాటం పట్టింది. ఎవరైనా 'మా దగ్గరా సేవానిధి ఉంది' అంటే ఖాతా ఎవరి పేరు మీద ఉందో అడగండి.

డబ్బు ఒక్కటే కాదు. నవంబరులో కేంద్ర పింఛనుదారుల జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే డిజిటల్ ధ్రువపత్రం) పనంతా మాలోని ఒక బ్యాంకు విశ్రాంత ఉద్యోగి చూస్తారు. వేలిముద్రలు అరిగిపోయినవారికి ఫోనులో ముఖం చూపించి చేసే పద్ధతి పెద్ద ఊరట. కొడుకుకు ఇల్లు రాసిచ్చి, ఆ తరువాత ఫోను కూడా ఎత్తించుకోలేని ఒక తండ్రికి మా మాజీ తహసీల్దారు గారు దగ్గరుండి అర్జీ రాసిపెట్టారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి దగ్గరే ట్రిబ్యునల్ ఉంటుంది. పోషణ షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయమని అడగవచ్చు. దానపత్రంలో ఆ షరతు ఉండడం ఎంత ముఖ్యమో మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. దారి తెలియనివాళ్లు 14567కు ఫోను చేయవచ్చు, పెద్దల కోసం పెట్టిన ఉచిత నంబరు. వంటవాళ్ల ఇళ్లలోని పెద్దలను కంటి శుక్లాల ఆపరేషను కోసం పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లడం కూడా ఇలా సాయానికి ముందుకొచ్చే మావాళ్ల పనే.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఇక్కడి హాలులో పులిహోర పొట్లాలు కట్టాం. చింతపండు పులిహోర అయితే త్వరగా పాడవదని దాన్నే ఎంచుకున్నాం. నిలబడలేనివాళ్లు కూర్చుని దారం చుట్టారు. వాడిన గ్యాసు సిలిండర్లకు నిర్వాహకులు తరువాత బిల్లు పంపారు. కట్టేశాం. ఆ బిల్లును ఫైలులో దాచాను, ఇంకా కోపం తగ్గలేదు.

అన్నిటికన్నా పెద్ద లోటు మతిమరుపు జబ్బు వచ్చినవారి విషయంలో ఉంది. తన పని తాను చేసుకోలేని స్థితి వస్తే సొంత ఖర్చుతో మనిషిని పెట్టుకోవాలి, లేదా ఖాళీ చేయాలి అని ఒప్పందంలో చివరి పేజీల్లో ఉంది. పగలూ రాత్రీ ఇద్దరు మనుషులను పెట్టుకుంటే ఆ ఖర్చు నెల రుసుమును దాటిపోతుంది, సహాయనిధి దాన్ని మోయలేదు. మా కళ్ల ముందే ఒక దంపతులు అలా వెళ్లిపోయారు. మా వారి జబ్బు ముదిరితే మా సంగతేమిటో నిర్వాహకులను రాతపూర్వకంగా అడిగాను. జవాబుగా ఒక కొత్త కరపత్రం పంపారు, దాని మీద ఈత కొలను బొమ్మ ఉంది.

నడవగలిగి, మనుషుల మధ్య ఉండాలనుకునేవారికి ఈ కాలనీ సరిపోతుంది. ఇప్పటికే మంచాన పడినవారిని తీసుకురావద్దు. రాదలచినవాళ్లకు అతిథి గదులున్నాయి, భోజనంతో కలిపి రోజు లెక్కన ఇస్తారు. జనవరిలో కాదు, మే నెలలో వచ్చి కనీసం పది రోజులు ఉండండి. బోరు నీళ్లు ఎంతసేపు వస్తున్నాయి, కరెంటు పోతే జనరేటరుతో లిఫ్టు నడుస్తుందా లేదా, వంటవాళ్లు పెళ్లిళ్ల సీజనులో సెలవు పెడితే ఏం తింటున్నారు అన్నవి అప్పుడే తెలుస్తాయి. గది కావాలంటే ఏప్రిల్ మొదటి వారంలోనే చెప్పాలి, ఆవకాయ సమయానికి అవి మా కూతుళ్లతో నిండిపోతాయి.